ఎదురు కుర్చీ: మా తొలి ప్రణాళిక

మాలో ఒక అమ్మాయి వాళ్లమ్మ పలాసలో జీడిపప్పు ఏరే పనికి వెళుతుంది. ఈ పిల్ల కూడా ఇంటర్ నుంచీ సెలవుల్లో తల్లి పక్కన కూర్చుని పప్పు ఏరింది. గుప్పెట్లోకి తీసుకుంటే చాలు, ఏది 240, ఏది 320, ఏది బద్ద అన్నది చెప్పేస్తుంది. 320 రకమంటే పౌనుకు ఇంచుమించు అన్ని గుండ్లు తూగుతాయి. ఆ లెక్క ఆమె వేళ్లకు తెలుసు.

డిగ్రీ అయ్యాక విశాఖపట్నంలో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లింది. సరుకు నాణ్యత చూసే ఉద్యోగం. ‘మీ గురించి చెప్పండి’ అన్నారు. ఫోన్లో చూసి కంఠతా పట్టిన ఇంగ్లీషు అప్పజెప్పడం మొదలుపెట్టి మూడో వాక్యం దగ్గర ఆగిపోయింది. ‘మీ అమ్మగారు ఏం చేస్తారు?’ అంటే ‘హౌస్‌వైఫ్’ అంది. ఉద్యోగం రాలేదన్న బాధ రెండ్రోజుల్లో పోయిందట. అమ్మ పని దాచానన్న బాధ ఇంకా పోలేదని చెప్పింది. ఆ మాట విన్న సాయంత్రమే మేం ఈ ఉద్యమం మొదలుపెట్టాం.

మన పిల్లలకు చదువుంది, పని తెలుసు. ముక్కూమొహం తెలియని పెద్దమనిషి ఎదుట కూర్చుని, తన గురించి తాను పది నిమిషాలు మాట్లాడే అవకాశం మాత్రం వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. బళ్లో చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇంట్లో పెద్దవాళ్ల ముందు కూర్చోకూడదన్నారు. ఇరవై రెండేళ్లొచ్చాక ఉన్నట్టుండి కూర్చో, కళ్లలోకి చూడు, నీ గొప్ప నువ్వే చెప్పు అంటే ఎలా వస్తుంది? నగరాల్లో దీన్ని ఫీజు కట్టించుకుని నేర్పుతారు. మేం ఊరికే నేర్పుతాం.

కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి కింది స్థాయి పోస్టులకు ఇంటర్వ్యూలు ఎత్తేసింది. తెలంగాణ 2022లో గ్రూప్-1కి కూడా తీసేసింది. పైరవీలకు ఒక తలుపు మూసుకుంది, సంతోషం. కానీ మన పిల్లల్లో ఎక్కువమంది వెతుక్కునేది ప్రైవేటు ఉద్యోగాలు. అక్కడ ఆ కుర్చీ అలాగే ఉంది.

అందుకే ప్రతి ఆదివారం శాఖా గ్రంథాలయంలో ఒక బల్ల వేస్తాం. అటు మూడు కుర్చీలు, ఇటు ఒకటి. అటు రిటైరైన మాస్టారు, బ్యాంకు ఉద్యోగి, అడిగే ఉద్యోగం పనిలో చెయ్యి తిరిగిన మనిషి కూర్చుంటారు. తలుపు తట్టి రావడం దగ్గర్నుంచి అంతా నిజం ఇంటర్వ్యూలాగే జరుగుతుంది. ఫోన్లో వీడియో తీసి, జవాబులు చెప్పినవాళ్లకు మాత్రమే చూపించి, వాళ్ల ఎదుటే చెరిపేస్తాం.

మొదటి నెల తెలుగులోనే. చెప్పవలసిన విషయం మనసులో కుదురుకున్నాకే ఇంగ్లీషు. మా పలాస మండలం బిడ్డ రోణంకి గోపాలకృష్ణ పరీక్ష తెలుగులో రాసి, ఇంటర్వ్యూకి తెలుగులోనే జవాబిచ్చి, 2016 సివిల్స్‌లో దేశానికి మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. అయినా ఇంగ్లీషు అక్కర్లేదని మేం అనం. అడిగే ఉద్యోగాలు అడుగుతాయి, నేర్చుకుందాం.

కంఠస్థం చేసిన జవాబును మా బల్ల దగ్గర ఒప్పుకోం. ‘కష్టపడి పనిచేస్తాను’ అంటే, ఎక్కడ, ఏ పని, ఎన్ని గంటలు అని అడుగుతాం. గ్రూప్స్‌కి చదువుతూ మూడేళ్లు గడిచిపోతే ఆ మూడేళ్లను దాచొద్దు. ఏం చదివారో, ఎందుకు ఆపారో చెప్పడం అలవాటు చేసుకోండి. తెలియనిదానికి ‘తెలియదండి’ అనడం కూడా అభ్యాసం చేయిస్తాం. అది చాలామందికి అన్నిటికంటే కష్టం. పెళ్లెప్పుడని అడిగినప్పుడు తల వంచుకోకుండా, గొంతు పెంచకుండా మళ్లీ పని మాటకే తీసుకురావడం ఆడపిల్లలకు ప్రత్యేకంగా నేర్పుతాం. ఉద్యోగమిస్తామని ముందు డబ్బడిగే చోటికి ఎవరినీ వెళ్లనివ్వం.

గ్రంథాలయంలో ఒక బీరువా అడిగాం. ఇస్త్రీ చొక్కాలు, బూట్లు, చున్నీలు అందులో ఉంటాయి. వాడుకుని ఉతికి తెచ్చి పెట్టాలి. ఎవరు తీసుకున్నారో రాసుకోం.

1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరా తిప్పారు. చదువరి పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే వెళ్లింది. మా బల్ల కూడా వెళుతుంది. ఏ ఊళ్లో నలుగురు పిలిచినా నాలుగు కుర్చీలు ఆటోలో వేసుకుని వస్తాం.

కంపెనీల వారికి ఒక విన్నపం. మొదటి ఐదు నిమిషాలు తెలుగులో అడగండి. తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదో ఒక్క వాక్యంలో చెప్పండి. ఆ వాక్యం కోసం మా పిల్లలు నెలల తరబడి ఫోన్ చూసుకుంటున్నారు.

వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదింటికి మొదటి బల్ల. అటు కుర్చీల్లో ఒకటి ఆ అమ్మాయి వాళ్లమ్మది. పప్పు గురించి ప్రశ్న వేయడానికి ఆమెకంటే తెలిసినవాళ్లు మాలో లేరు. ఎదురుగా కూతురు కూర్చుంటానంది. మీరూ సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని రండి.