టైమౌట్ ఎవరడగాలి?

మా అమ్మాయి బాస్కెట్‌బాల్ ఆడుతుంది. మొన్నటి మ్యాచ్‌లో రెండు పాయింట్లు వెనకబడి ఉన్నారు. గీత బయటినుంచి బంతి లోపలికి విసరాల్సింది తనే. ఎవరికి వేద్దామన్నా అడ్డమే. 5 సెకన్లు దాటాయి, రిఫరీ ఈల వేశాడు, బంతి అవతలి జట్టుకి పోయింది. ఓడిపోయారు.

ఇంటికొస్తూ "టైమౌట్ అడగొచ్చుగా!" అని గయ్యిమన్నాను. "మేం అడగకూడదమ్మా" అంది కళ్ళు తుడుచుకుంటూ.

రాత్రి కూర్చుని రూల్స్ చదివాను. అమెరికా ఎన్‌బీఏలో ఆటగాళ్ళూ అడగొచ్చు. టీవీలో అది చూసే నేను పొరబడ్డాను. మనవాళ్ళు ఆడే ఫిబా రూల్స్‌లో అడగాల్సింది కోచ్, లేదా ఆయన మొదటి అసిస్టెంటు. అదీ విసిరే పిల్ల చేతికి బంతి అందకముందే. అందాక ఇక టైమౌట్ దొరకదు. ఆ 5 సెకన్లూ పిల్ల ఒక్కతే.

నన్నడిగితే ఈ రూల్ సరైనదే. బంతి పట్టుకున్న పిల్లకి ఇంకేం కనపడదు. తనకి ఊపిరాడట్లేదని బెంచీ మీదున్న పెద్దవాళ్ళే ముందుగా కనిపెట్టాలి. పరీక్షలప్పుడూ అంతే కదండీ! ప్రశ్నపత్రం చేతికొచ్చాక మనం చెయ్యగలిగేదేముంది? మార్కులొచ్చాక "ముందే చెప్పొచ్చుగా" అని మాత్రం అరుస్తాం.

పొద్దున్న దోసె వేసిస్తూ, తప్పు నాదేనే అన్నాను.