కలివికోడికి కాపలా ఎవరు?

కలివికోడి అనే అరుదైన పిట్ట కోసం కాలువ ఆపేశారన్న మాటకు కడప జిల్లా బద్వేలు లాంటి కరువు ప్రాంతంలో ఉండే పదును వేరు. అయితే జరిగింది అది కాదు. 2005లో తెలుగుగంగ కాలువ కోసం పొక్లెయిన్లు అనుమతి లేకుండా శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యంలో దిగి, ఆ పిట్ట తిరిగే చిట్టడవిని చదును చేశాయి. పరిశోధకులు ఫిర్యాదు చేశారు. సంగతి సుప్రీంకోర్టు కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లాక కాలువ దారి మార్చారు. కాలువ గీత గీసే ముందే అటవీశాఖనూ పరిశోధకులనూ కూర్చోబెట్టి ఉంటే రైతుకూ పిట్టకూ ఈ తగవే ఉండేది కాదు. నింద మాత్రం పిట్ట మీద పడింది.

ఈ పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వారి గాలింపు ఫలించింది ఓ స్థానిక వేటగాడి వల్ల. రాత్రి టార్చి వెలుగులో ప్రాణంతో పట్టుకొచ్చాడు. కొద్దిరోజులకే అది చనిపోయిందనుకోండి, అది వేరే విషాదం. డిగ్రీలున్న వాళ్లు దశాబ్దాలుగా చూడలేనిది పొదలెరిగిన వాడికి దొరికింది. రెండేళ్లకు ఆ ప్రాంతంలోనే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

ఇది రాత్రిపూట తిరిగే పిట్ట. పొద్దుగుంకాక కాసేపే కూస్తుంది. అందుకే పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారాక అడుగుజాడలు వెతికేవారు. ఆ శ్రమలో తేలినది ఆసక్తికరం: పొదలు మరీ దట్టంగా ఉన్నా, మరీ పలచబడినా ఇది ఉండదు. నడుమ నడుమ ఖాళీ నేల కావాలి. మితిమీరి మేపినా, కట్టెలు కొట్టినా పొదలు పోతాయి. మేత పూర్తిగా మాన్పిస్తే అవి కమ్ముకుపోవచ్చు. మరి మేకల కాపరిని దొంగలా చూస్తే లాభమేమిటి? పొద మొదలంటా పెకిలించి నిమ్మతోట వేసే ట్రాక్టరుకు, తుమ్మకొమ్మ వంచే కాపరికి తేడా తెలియని రక్షణ ఎవరి కోసం?

అటవీశాఖ ఇబ్బందీ చిన్నది కాదు. ఈ అభయారణ్యం ఉన్న లంకమల ఎర్రచందనం దొంగల అడవి కూడా. చీకటిపడ్డాక లోపల ఎవరు తిరిగినా అనుమానించాల్సిందే. కానీ రాత్రి పిట్టను పగటి అనుమతులతో వెతకలేం. 2008 తర్వాత ఏళ్లపాటు దీని ఆచూకీ లేకపోవడానికి పిట్ట తగ్గడం ఎంత కారణమో, సరిగ్గా వెతకనివ్వకపోవడమూ అంతే కారణమని నా అనుమానం.

2025 ఆగస్టులో పక్షి ప్రేమికుల బృందమొకటి కడప జిల్లాలో దీని కూత రికార్డు చేసింది. ఇక కెమెరాలు వరుస కడతాయి. ఆ తాకిడి మొదలవక ముందే చేయాల్సిన పనులున్నాయి. చుట్టుపక్కల పల్లెల కాపరులకు జీతమిచ్చి కూత వినే, జాడ చూసే బాధ్యత అప్పగించాలి. పరిశోధనకు గడువులోగా అనుమతి ఇవ్వాలి. అభయారణ్యం బయటి బీళ్లు, పొదలు తోటలుగా మారకముందే సర్వే చేసి, భూమి సొంతదైన రైతుకు దాన్ని అలాగే ఉంచినందుకు ఏటా పరిహారం చెల్లించాలి.