అనుమానమా? సందేహమా?

పిల్లలూ! తరగతిలో పాఠం అర్థం కాకపోతే మీరేమంటారు? "మాస్టారూ, నాకో అనుమానం" అంటారు. ఇంట్లో జంతికల డబ్బా ఖాళీ అయితే అమ్మ ఏమంటుంది? "నాకు నీమీదే అనుమానం" అంటుంది. మాట ఒకటే, భావాలు వేరు. తెలుగులో సందర్భాన్నిబట్టి తెలిసిపోతుంది. ఇంగ్లీషులో మాత్రం డౌట్, సస్పెక్ట్ అని రెండు మాటలున్నాయి. ఒకదానికి బదులు ఇంకొకటి వాడితే అర్థం తలకిందులవుతుంది. అలా తలకిందులైన సంగతి ఒకటి చెబుతాను. తప్పు నాదే.

1989లో నేను కొత్తగా పంతులుద్యోగంలో చేరాను. తొమ్మిదో తరగతిలో ఒక కుర్రవాడి పెన్ను పోయింది. ఫిర్యాదు ఏదైనా ఇంగ్లీషులోనే వ్రాయాలని మా బడిలో నియమం. వాడు కష్టపడి ఒక చీటీ వ్రాసి తెచ్చాడు. అందులో చివరి వాక్యం ఇది: "ఐ డౌట్ దట్ మై బెంచ్‌మేట్ టుక్ ఇట్."

పక్కవాడు తీశాడని తన అనుమానమని వాడి ఉద్దేశం. నేనూ అలాగే చదువుకున్నాను. పక్కవాణ్ణి లేపి, అందరి ఎదుటా వాడి సంచీ వెతికాను. నాలుగు పుస్తకాలు, ఒక జామకాయ ఉన్నవి. పెన్ను లేదు. ఆ పిల్లవాడు ఏడవలేదు. తలవంచుకుని పుస్తకాలు ఒక్కొక్కటే సంచీలో సర్దుకున్నాడు.

సాయంత్రం హెడ్మాస్టరుగారు ఆ చీటీ చూచి, "ఏమండీ మాస్టారూ, 'వాడు తీశాడని నేననుకోను' అని వీడు వ్రాస్తే, మీరు వాడి సంచీ ఎందుకు వెతికారు?" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

మర్నాడు పెన్ను దొరికింది. పోగొట్టుకున్న కుర్రవాడి నాన్నగారి చొక్కా జేబులోనే ఉన్నదట! చూశారా చిత్రం? వాడు తెలియక వ్రాసిన మాటే నిజమైంది. నేను తరగతి ముందు నిలబడి, సంచీ వెతికించుకున్న పిల్లవాడికి క్షమాపణ చెప్పుకున్నాను.

ఇక తేడా చూద్దాం. డౌట్ అనే మాట మూలం లాటిన్ భాషలో ఉన్నది. 'రెండు' అనే మాటతో దానికి చుట్టరికం. అంటే మనసు రెండు దారుల మధ్య ఊగడమన్నమాట. ఇందులో 'బి' అక్షరం వ్రాస్తాం గాని పలకం. ఫ్రెంచి నుంచి ఈ మాట ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు 'బి' లేదు; తరువాత పండితులు లాటిన్‌ను చూచి చేర్చారు. సస్పెక్ట్ కూడా లాటిన్ బిడ్డే. 'కిందినుంచి చూడడం' అని దాని మూలార్థం. జంతికల డబ్బా చేతబట్టుకుని అమ్మ మిమ్మల్ని చూచే చూపు అదే!

మన తర్కశాస్త్రంలో పొగను చూచి నిప్పున్నదని ఊహించడాన్ని అనుమానం అంటారు. కాబట్టి సస్పెక్ట్‌ను అనుమానమనీ, డౌట్‌ను సందేహమనీ గుర్తుపెట్టుకోండి.

"ఐ డౌట్" అంటే "కాదనుకుంటాను". "ఐ సస్పెక్ట్" అంటే "అవుననుకుంటాను". "ఐ డౌట్ దట్ ఇట్ విల్ రెయిన్" అన్నవాడు గొడుగు ఇంట్లో వదిలి వెళతాడు. "ఐ సస్పెక్ట్ దట్ ఇట్ విల్ రెయిన్" అన్నవాడు గొడుగు తీసుకుని బయలుదేరతాడు.

మరి పాఠంలో ఏదైనా అడగాలంటే? "ఐ హావ్ ఎ క్వశ్చన్" అనండి. "ఐ హావ్ ఎ డౌట్" అన్నా మన మాస్టర్లకు తెలుస్తుంది. ఇంగ్లండులో మాస్టరైతే, తాను చెప్పినది మీరు నమ్మడం లేదనుకోవచ్చు.

ఇప్పుడు మీ వంతు. ఈ రెంటిలో డౌట్ ఎక్కడ, సస్పెక్ట్ ఎక్కడ?

1. పిల్లి మూతికి మీగడ అంటింది. పాలు తాగింది అదేనని నా ఊహ.

2. ఇంత చిన్న పిల్లి కుండెడు పాలు తాగిందంటే నేను నమ్మను.

జవాబులు వచ్చే నెల చూద్దాం. ఈలోగా ఎవరిమీదనైనా చీటీ వ్రాయవలసివస్తే, ముందు నాన్నగారి జేబు కూడా ఒకసారి వెతకండి!