శాస్త్ర విషయములు: ఒకే దోషము, రెండు వ్యాధులు

ఒకరికి గుణమిచ్చిన మందును, వ్యాధి పోలియున్నదని మఱియొకరికి సూచించుట మన యిండ్లలో సాధారణము. క్యాన్సరు విషయమున పండితులు సైతము అట్టి యూహయే చేసి యాశాభంగము నొందిరి. ఆ వృత్తాంతము మనము తెలిసికొనదగినది.

మన శరీరమందలి ప్రతి కణములోను ప్రోటీనులనెడి సూక్ష్మద్రవ్యములు ఒకదానికొకటి వార్తల నందించుచుండును. 'పెరుగుము' అను నాజ్ఞ కణముయొక్క పైపొరనుండి లోపలి కేంద్రమునకు ఇట్లే చేరును. ఆ వరుసలో బీరాఫ్ అనునది యొకటి. దాని 600వ స్థానమున ఒక్క యంశము మాఱినచో, ఆజ్ఞ లేకున్నను అది పెరుగుమని యెడతెగక పురికొల్పుచుండును. బీరాఫ్‌లోని యిట్టి మార్పులను 2002లో ఇంగ్లండునందలి పండితులు ప్రకటించిరి. మెలనోమా యను చర్మపు క్యాన్సరున దాదాపు సగముమందికిని, పెద్దప్రేగు క్యాన్సరున సుమారు పదిమందిలో నొకరికిని ఈ దోషముండును.

బీరాఫ్‌ను అణచు వెమురాఫెనిబ్ అను మాత్రను 2011లో అమెరికాలో మెలనోమాకు అనుమతించిరి. అనేకులకు గడ్డలు తగ్గినవి. అదే దోషముగల ప్రేగు క్యాన్సరునకు అదే మాత్ర నీయగా, మిక్కిలి కొలదిమందికి మాత్రమే గుణము కనబడెను.

కారణమును 2012లో ఆంస్టర్‌డాము పండితులు చెప్పిరి. ఇరువురు స్త్రీలు పాలు కాచుచున్నారనుకొందము. ఒకతె గిన్నెయొద్ద నుండును. రెండవయామె పొయ్యిలో కట్టెలు త్రోయును. పాలు పొంగినచో రెండవయామె కట్టెను వెనుకకు లాగును. ఇపుడు మొదటియామె చన్నీళ్లు చల్లి పొంగు నణచెను. పొంగు కానక రెండవయామె మంట చాలలేదని మఱి రెండు కట్టెలు త్రోయును. ప్రేగుకణములలో కట్టెలు త్రోయునది ఈజీఎఫార్ అనెడి పైపొర ప్రోటీను. బీరాఫ్ అణగగనే అది విజృంభించి వేఱుదారుల నాజ్ఞ పంపును. మెలనోమా కణములలో నది మిక్కిలి తక్కువ; కావుననే యచట మాత్ర పనిచేసెను.

ఒక గిన్నె, ఒక పొయ్యి యైనచో మన బుద్ధికే తోచును. కణమునందో, అట్టివి వందలకొలది ముడివడియున్నవి. ఒకచో నణచినచో వేఱొకచో నేది పొంగునో మనస్సుతో లెక్కింపజాలము. అందులకే కంప్యూటరు కావలసివచ్చెను. బెర్లిను పండితులు ప్రేగు క్యాన్సరు కణములకు వేర్వేఱు మందులిచ్చి, ప్రోటీనులలోని హెచ్చుతగ్గులను కొలిచిరి. ఏది దేనిని ఎంతబలముగ ప్రేరేపించునో, ఏది దేని నణచునో సమీకరణములుగ వ్రాసి కంప్యూటరుచే లెక్కింపించిరి. బీరాఫ్‌కు తరువాతి మెట్టైన మెక్ అను ప్రోటీను నణచినను ఈజీఎఫార్ విజృంభించునని, రెంటి నొక్కసారిగ నణచవలెనని ఆ లెక్క తెలిపెను. కణములలోను, ఎలుకలలోను పరీక్షింపగా నది సరిపోయెను. ఈ ఫలితమును 2013లో ప్రకటించిరి.

లెక్క దారి చూపునుగాని రోగి శయ్యయొద్దనే నిజము తేలవలెను. బీరాఫ్ దోషముండి, పూర్వచికిత్స విఫలమైన 665 మంది ప్రేగు క్యాన్సరు రోగులపై జరిగిన పరీక్షాఫలితములు 2019లో వెలువడెను. పాతచికిత్సతో సగముమంది 5.4 నెలలు జీవింపగా, బీరాఫ్ నణచు ఎంకొరాఫెనిబ్, ఈజీఎఫార్ నణచు సెటుక్సిమాబ్ కలిపి యిచ్చినవారిలో సగముమంది 8.4 నెలలు జీవించిరి. 2020లో ఈ జోడింపునకు అమెరికాలో అనుమతి లభించెను. మూడునెలలు స్వల్పమని దూరమునుండి యనవచ్చును; మంచముపక్క కూర్చుండిన బిడ్డలు అట్లనరు.

కావున వైద్యుడు గడ్డముక్కకు జన్యుపరీక్ష చేయవలెనన్నపుడు వృథావ్యయమని త్రోసిపుచ్చకుడు. పొరుగింటివారికి పనిచేసిన మందు మనకేల యీయరని వైద్యునితో వాదింపక, 'ఈ మందుచే నొకటి యణగినచో వేఱొకటి లేచునా? దానికేమి చేయుదురు?' అని యడుగుడు. ఆ ప్రశ్న యడుగుటకు గణితము రానక్కఱలేదు. పాలు కాచిన యనుభవము చాలును.