కార్టూన్ చూసే పిల్లల పక్కన కూర్చుందాం



మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో మూడో తరగతి బాబు తల్లిగారు నాతో ఇలా అన్నారు: "మేడమ్, మావాడికి ఏం చెప్పినా జోకేనండి. హోంవర్క్ చెయ్యరా అంటే గోడ వైపు తిరిగి, 'చూశారా ఫ్రెండ్స్, మా అమ్మ మళ్ళీ మొదలెట్టింది' అంటున్నాడు. గోడ మీద కెమెరా ఉన్నట్టేనండి! ఆ కార్టూన్లు మాన్పించెయ్యమంటారా?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పే ప్రయత్నం చేస్తాను.

ఆ బాబు చేసిన పనికి సాహిత్యంలో ఒక పేరుంది. పాత్ర కథలోంచి తల బయటికి పెట్టి, చూసేవాళ్ళతో నేరుగా మాట్లాడడం పోస్ట్‌మోడర్న్ లక్షణాల్లో ఒకటిగా చెబుతారు. పోస్ట్‌మోడర్నిజం అంటే భయపడక్కర్లేదు. ఫ్రెంచ్ తత్వవేత్త లియోటార్ 1979లో రాసిన పుస్తకంతో ఆ మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. పెద్ద పెద్ద సిద్ధాంతాలను ఉన్నవి ఉన్నట్టు నమ్మెయ్యకపోవడం దాని మూలం. కథల్లోకి వచ్చేసరికి అది మూడు నాలుగు అలవాట్లుగా కనిపిస్తుంది. తాను కథనని కథకే తెలిసి ఉండడం, పాత కథల్ని తీసుకుని వాటితో ఆడుకోవడం, తనని తాను వెక్కిరించుకోవడం, చివర్లో ఒక్క నీతి చెప్పి ముగించకపోవడం.

టీవీ కార్టూన్లలో ఇవన్నీ ఉన్నాయి. అమెరికాలో 1989లో మొదలైన 'ది సింప్సన్స్' టైటిల్స్‌లో ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొచ్చి టీవీ ముందు సోఫాలో కూర్చుంటారు. మనం టీవీలో టీవీ చూసేవాళ్ళని చూస్తామన్నమాట. షిన్‌చాన్‌కి యాక్షన్ కామెన్ అంటే ప్రాణం. అది ఆ కార్టూన్ లోపల వచ్చే ఇంకో టీవీ షో. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ తీసిన 'ఛోటా భీమ్' 2008 నుంచి వస్తోంది. పేరు మహాభారతంలోది, ఊరు ఢోలక్‌పూర్, బలం లడ్డూలది!

ఇదంతా పరాయి సరుకు అనుకోకండి. మన కాకినాడ దగ్గర మాధవపట్నంలో తోలుబొమ్మలాట కుటుంబాలున్నాయి. తెల్లటి తెర వెనక దీపం వెలుగులో రామాయణం నడుస్తుండగా, మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చేస్తారు. కథని ఆపి తగువులాడుకుంటారు, ఊళ్ళో సంగతులు ఎత్తుతారు, ముందు కూర్చున్నవాళ్ళ మీద ఛలోక్తులు విసురుతారు. ఆ హాస్యం కొన్నిసార్లు బాగా మోటుగా కూడా ఉండేది. మన తాతమ్మలు అది చూసి చెడిపోయారని ఎవరూ అనలేదు.

మరి ఇప్పుడెందుకు ఇబ్బంది? తోలుబొమ్మలాటకి ఊరంతా కలిసి వచ్చేది. బంగారక్క మాట కాస్త శ్రుతి మించితే పక్కనే ఉన్న నాయనమ్మ నవ్వేది, లేదా మొహం చిట్లించేది. ఏది వేళాకోళమో, ఏది ఇంట్లో అనకూడదో పిల్లకి ఆ మొహం చూస్తేనే తెలిసిపోయేది. ఇప్పుడు మన పిల్లలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్‌లో ఒంటరిగా చూస్తున్నారు. జోకు ఉంది, పక్కన పెద్దల మొహం లేదు.

పైగా కొన్ని కార్టూన్లు పుట్టింది పిల్లల కోసం కాదు. యోషితో ఉసుయి 1990లో షిన్‌చాన్‌ని జపాన్‌లో పెద్దలు చదివే కామిక్ పత్రికలో మొదలుపెట్టారు. ఇంటి అప్పుతో అలసిన తండ్రి, డిస్కౌంట్ సేల్ వెంట పరుగెత్తే తల్లి, వాళ్ళిద్దరినీ చూసి మనమే నవ్వుకోవాలి. ఆ వెక్కిరింత మన మీదే! అది పెద్దలకి అర్థమవుతుంది. ఆరేళ్ళవాడికి అందులో ఎదురు సమాధానం ఒక్కటే వినిపిస్తుంది. మన దేశంలోనూ తల్లిదండ్రుల ఫిర్యాదుల తర్వాత 2008లో ఆ ప్రసారం ఆగి, కత్తిరింపులతో తిరిగొచ్చింది. కత్తిరించినంత మాత్రాన వెక్కిరింతని వెక్కిరింతగా గుర్తించడం పిల్లలకి రాదు. అది ఎవరో ఒకరు నేర్పాలి.

నేర్పితే చదువుకీ పనికొస్తుంది. ఇంగ్లీష్ పరీక్షలో 'రచయిత ఏ ధోరణిలో అంటున్నాడు?' అనే ప్రశ్న దగ్గర బాగా చదివే పిల్లలు కూడా తడబడతారు. ఎగతాళిగా అన్నదాన్ని నిజంగా పొగిడినట్టు రాసేస్తారు. పేజీలోని మాటకీ, దాని వెనకున్న ఉద్దేశానికీ తేడా పట్టుకోవడం వాళ్ళకి కష్టం. అదే తేడాని కార్టూన్‌లో చూపిస్తే ఇట్టే పట్టేస్తారు.

అందుకే నా అభిప్రాయం ఇది. రెండో తరగతి లోపు పిల్లలకి ఇలాంటి వెక్కిరింత కార్టూన్లు ఒంటరిగా వద్దు. ఆపై పిల్లలకి మాన్పించనక్కర్లేదు, పక్కన కూర్చోండి. వారానికి ఒక్క ఎపిసోడ్ చాలు. అయ్యాక మూడు మాటలు అడగండి. ఇందులో ఎవరిని వెక్కిరించారు? వాడు అన్నది నిజంగా అన్నాడా, ఆటపట్టించడానికి అన్నాడా? ఇదే మాట మన తాతయ్యతో అంటే ఎలా ఉంటుంది? పాఠం చెప్పినట్టు కాకుండా, అన్నం తింటూ అడగండి. మీకు నవ్వొస్తే నవ్వేయండి. మీ మొహం చూసే వాళ్ళు నేర్చుకుంటారు.

మీకు తీరిక ఉండదని నాకు తెలుసు. షాపు కట్టేసి రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చే తండ్రులున్నారు. వండుకుంటూ పిల్లాడి చేతికి ఫోన్ ఇవ్వక తప్పని తల్లులున్నారు. అందుకే రోజూ అనడం లేదు, వారానికి ఇరవై నిమిషాలు అంటున్నాను.

ఆ తల్లిగారికి నా జవాబు కూడా ఇదే. ఈసారి మీవాడు గోడతో మాట్లాడితే మీరూ అదే గోడ వైపు తిరిగి, "ఫ్రెండ్స్, వీడి హోంవర్క్ ఇంకా అవ్వలేదు" అనండి. ఇద్దరూ నవ్వుకున్నాక పుస్తకం తీయించండి. ఏమైందో వచ్చే మీటింగ్‌లో నాకు చెప్పాలి మరి.