కండ చూపితే బంతి బెదరదు

కండలు పెంచడం తప్పని నేననను. దండీలూ బస్కీలూ మన తాతలనాటి నుంచీ ఉన్నవే. నా పేచీ అల్లా ఒక్కటే. ఒళ్ళు చెక్కినట్టుంటే ఏ ఆటైనా వచ్చేస్తుందనీ, కడుపు మాడ్చుకుంటే చూపు నిలుస్తుందనీ మన కుర్రకారు నమ్ముతున్నారు చూడండి, దానితో! చివరికి స్నూకర్ ఆడే పిల్లలకు కూడా ఈ పిచ్చి పట్టిందంటే ఏమనాలి?

స్నూకరంటే తెలియని వదినలూ, అక్కయ్యల కోసం రెండు ముక్కలు. ఇది మన దేశంలో పుట్టిన ఆటే. 1875లో జబల్పూరులో ఆంగ్ల సైనికాధికారులు కాలక్షేపానికి మొదలుపెట్టారు. తర్వాత ఊటీ క్లబ్బులో నియమాలు రాసుకున్నారు. పన్నెండడుగుల బల్ల మీద 15 ఎర్ర బంతులు, 6 రంగు బంతులు, వాటిని కొట్టడానికొక తెల్ల బంతి. కొట్టే కర్ర బరువు ఇంచుమించు అరకిలో. దాన్ని ఆడించడానికి భీముడి భుజాలెందుకమ్మా?

ఆటగాడు నడుము వంచి, గడ్డం కర్రకు ఆనించి, మోచేతి దగ్గర నుంచి ముంజేతిని గడియారం లోలకంలా ఊపాలి. మరీ ఉబ్బిన ఛాతీ ఆ కర్ర దారికి అడ్డం. బరువులెత్తిన కండరాలు రెండు మూడు రోజులు బిగుసుకుని నొప్పి పెడతాయి. అలసిన చెయ్యి సన్నగా వణుకుతుంది. ఇక్కడ వెంట్రుకవాసి తేడా వస్తే, బల్ల అవతలి కొసకు వెళ్ళేసరికి బంతి గుంట తప్పి గట్టుకు కొట్టుకుంటుంది.

1980ల్లో బిల్ వెర్బెనియుక్ అని కెనడా ఆటగాడుండేవాడు. మహా స్థూలకాయుడు. అయినా ప్రపంచంలో ఎనిమిదో స్థానం దాకా వెళ్ళాడు. ఆయన బాధల్లా చేతి వణుకే. దాన్ని అణచడానికి గ్లాసుల కొద్దీ బీరు తాగేవాడు. ఆ దారి మనకొద్దుగాని, ఈ ఆటకు అసలు శత్రువెవరో తెలిసింది కదా!

ఇక తిండి సంగతి. మా రెండోవాడు పోటీకి వారం ముందు అన్నం మానేశాడు. తెల్లసొన తనకు, పచ్చసొన నాకు! మూడో ఫ్రేముకే కళ్ళు తిరిగి కూలబడ్డాడు. రక్తంలో చక్కెర పడిపోతే చేతులు వణుకుతాయనీ, మనసు నిలవదనీ చెప్పడానికి డాక్టరు కావాలా? ఏకాదశి ఉపవాసముండి సూదిలో దారం ఎక్కించబోయిన ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. కసరత్తుకు ముందు తాగే పొడుల్లో కొన్నింటిలో కాఫీలోని ఉత్తేజక పదార్థం దండిగా ఉంటుంది. అదీ చెయ్యి వణికించేదే.

"అయితే వ్యాయామం వద్దంటావా?" అని మీరడగచ్చు. ఎందుకు వద్దూ! ప్రపంచ పోటీ ఫైనల్ రెండు రోజుల పాటు, 35 ఫ్రేముల దాకా సాగచ్చు. అన్ని గంటలు వంగి లేవాలంటే కాళ్ళలో సత్తువ, నడుములో బలం, గుండెలో దమ్ము ఉండాలి. రానీ ఓసలివన్‌కు పరుగంటే ప్రాణం. ఆ పరుగు గురించి 2013లో పుస్తకమే తెచ్చాడు. 2022లో 46వ ఏట ఏడోసారి ప్రపంచ విజేత అయ్యాడు. ఆయన్ను చూస్తే కండల వీరుడని ఎవరూ అనరు.

గరిటె మన చేతిలో ఉంది కనుక నా మాట వినండి. పోటీకి మూడు రోజుల ముందే బరువులు ఆపించండి. పొద్దున్నే కడుపునిండా ఇడ్లీలు పెట్టి పంపండి. "కార్బ్స్, అమ్మా!" అని గొణిగితే, వాడి చేతికి సూదీ దారం ఇచ్చి ఎక్కించమనండి.