21 గేర్ల స్టిక్కరు

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారం నాన్న నాకు సైకిల్ కొనిచ్చారు. షాపతను రెండు సైకిళ్ళు తెచ్చి పక్కపక్కన నిలబెట్టాడు. ఒకదానికి పెడల్స్ దగ్గర ఒకటే పళ్ళ చక్రం, వెనక ఏడు. రెండోదానికి పెడల్స్ దగ్గర మూడు, వెనక ఏడు. రేటు ఇంచుమించు ఒకటే. రెండోదాని ఫ్రేమ్ మీద ఇంత పెద్ద అక్షరాలతో "21 స్పీడ్" అని స్టిక్కరు. నాన్న ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "అదే డబ్బుకి 21 వస్తుంటే 7 ఎందుకురా?" అన్నారు. నాకూ అది చాలా న్యాయంగానే అనిపించింది.

ఏడాదిన్నర తిరక్కుండా ఆ 21లో 14 గేర్లని నా చేత్తో నేనే పీకేశాను. నాన్నకి ఇప్పటికీ అది డబ్బులు పారేయడంలాగే కనిపిస్తుంది. అందుకే ఇది రాస్తున్నా. మన హాస్టల్ ముందు స్టాండ్‌లో చూడండి, సగానికి పైగా సైకిళ్ళకి ముందు మూడేసి ఉన్నాయి. వాటిలో ఎన్నింటికి ఎడమ చేతి షిఫ్టర్ పనిచేస్తుందో ఒకసారి నొక్కి చూడండి. (ఓనర్‌ని అడిగి.)

ముందే ఒక మాట. పెడల్స్ దగ్గరున్న ఈ పళ్ళ చక్రాన్ని "ముందు చక్రం" అంటే మీరు వీల్ అనుకుంటారు. సైకిల్ షాపు బాబాయ్ "రింగు" అంటాడు, నేనూ అదే అంటాను.

మొన్న ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్నే ముగ్గురం కైలాసగిరి ఎక్కుతున్నాం. ఒక మలుపు దగ్గర ఎత్తు ఒక్కసారిగా పెరిగింది. మధ్య రింగులో కాళ్ళు ఆగిపోతున్నాయి. చిన్న రింగుకి మారుద్దామని ఎడమ షిఫ్టర్ నొక్కాను. చైన్ చిన్న రింగు మీద పడలేదు, దాన్ని కూడా దాటేసి రింగుకీ ఫ్రేమ్‌కీ మధ్యలో ఇరుక్కుంది. నేనేమో సీటు మీంచి లేచి ఒంటి బరువంతా పెడల్ మీద వేసి ఉన్నాను. పెడల్ గాల్లో తిరిగినట్టు కిందకి జారింది, మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంది, నేను రోడ్డు మధ్యలోకి పడ్డాను. పైనుంచి దిగుతున్న ఆటో ఆయన బ్రేకు వేశాడు కాబట్టి మూడు కుట్లతో పోయింది.

తప్పు నాది కాదని చెప్పను. బరువు మీద ఉన్నప్పుడు ముందు గేరు మార్చకూడదు, ఎత్తు రాకముందే మార్చుకోవాలి. చైన్ మరీ లోపలికి పోకుండా ఆపే స్క్రూ ఒకటుంటుంది, అది సరిగ్గా బిగించుకోవాలి. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. కానీ వెనక గేర్ల విషయంలో ఇన్ని జాగ్రత్తలు ఎందుకు అక్కర్లేదు? దానికి కారణం ఉంది. వెనక డీరైలర్ చైన్‌ని కింది వైపు, అంటే వదులుగా ఉన్న వైపు పట్టుకుని మెల్లగా పక్కకి నడిపిస్తుంది. ముందు డీరైలర్ పట్టుకునేది పై వైపు. మన కాలి బలమంతా బిగుతుగా లాగుతున్న వైపు అది. ఆ చైన్‌ని ఒక రేకుతో పక్కకి తోస్తుంది, అంతే దాని టెక్నాలజీ. మనకి అది ఎప్పుడు కావాలి? సరిగ్గా ఎత్తు ఎక్కుతూ బలంగా తొక్కుతున్నప్పుడే కావాలి. ఎప్పుడు మార్చకూడదో అప్పుడే అవసరం పడే పార్టు అన్నమాట. దానికి తోడు మన ఊరి ఉప్పు గాలి. నా ఎడమ గేర్ వైరు ఒక్క వర్షాకాలానికే తుప్పు పట్టి, నొక్కితే ఒకసారి కదిలేది, ఒకసారి కదిలేది కాదు.

కుట్లు మానేదాకా సైకిల్ ఎక్కడానికి లేదు. కూర్చుని పైథాన్‌లో పది లైన్ల ప్రోగ్రామ్ రాశాను. నా సైకిల్‌కి ముందు రింగులు 42, 34, 24 పళ్ళవి. వెనక 14, 16, 18, 20, 22, 24, 28. ముందు పళ్ళని వెనక పళ్ళతో భాగిస్తే పెడల్ ఒక్క చుట్టుకి వీల్ ఎన్ని చుట్లు తిరుగుతుందో వస్తుంది. 21 సంఖ్యలు వచ్చాయి. వాటిని వరసగా పేర్చి చూస్తే నవ్వొచ్చింది. 42ని 28తో భాగిస్తే 1.5. 24ని 16తో భాగించినా 1.5. పాయింట్ తర్వాత ఎన్ని అంకెలు వేసినా తేడా లేదు, ఒకటే గేరుని రెండుసార్లు లెక్కపెట్టి అమ్మారు. 34, 16 కలిస్తే 2.125. 42, 20 కలిస్తే 2.1. ఈ రెండింటికీ తేడా ఏ కాలికీ తెలీదు. 4 శాతం కంటే తక్కువ తేడా ఉన్నవాటిని ఒకటిగా కలిపేస్తే మిగిలినవి 14.

సరే, 14 ఉన్నాయి కదా అంటారా? వాటిని వరసగా వాడి చూడండి. 42-16 నుంచి ఒక్క మెట్టు కిందకి దిగాలంటే 34-14కి వెళ్ళాలి. అంటే ముందు చైన్ చిన్న రింగు వైపుకి, వెనకేమో చిన్న పళ్ళ వైపుకి, రెండు చేతులూ ఒకేసారి నొక్కాలి. తర్వాతి మెట్టు 42-18. మళ్ళీ రెండు చేతులూ, ఈసారి ఉల్టా. ఇలా తొక్కే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అందరూ చేసేది ఒకటే. మధ్య రింగులో పెట్టేసి, కుడి చేత్తో వెనక ఏడు గేర్లు మార్చుకుంటూ పోతారు. అంటే మనం వాడేది ఎలాగూ 7. మిగతా 14 స్టిక్కరు మీద ఉంటాయి.

మరి మూడు రింగులు ఎవరో తెలివితక్కువగా పెట్టారా అంటే కాదు. కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ కుర్రాళ్ళు 1970లలో పాత బరువు సైకిళ్ళని టామల్పైస్ కొండ మీంచి మట్టి దారుల్లో దింపేవారు. మౌంటెన్ బైక్ అక్కడ పుట్టింది. దిగడం సులువే, పైకి తొక్కడానికి చిన్న గేర్లు కావాలి, మామూలు రోడ్డుకి పెద్ద గేర్లు కావాలి. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ తెచ్చిన స్టంప్‌జంపర్‌కి వెనక ఉన్నవి 5. ముందు 3 పెడితే తప్ప కొండకీ రోడ్డుకీ సరిపోయేది కాదు. మూడు రింగులు ఆ రోజుల్లో అసలైన అవసరం. తర్వాత వెనక 6 అయ్యాయి, 7 అయ్యాయి, 8, 9, 10. 2012లో శ్రామ్ కంపెనీ ఎక్స్ఎక్స్1 అని వెనక 11 గేర్లు పెట్టింది, 10 పళ్ళ నుంచి 42 దాకా, ముందు ఒకటే రింగు. 2016లో ఈగిల్ వచ్చింది, 12 గేర్లు, 10 నుంచి 50. అంటే పెద్ద గేరుకీ చిన్న గేరుకీ మధ్య 5 రెట్లు. మూడు రింగులున్న నా సైకిల్‌లో ఆ దూరం మూడున్నర రెట్లే! ముందున్న ఒక్క రింగు మీంచి చైన్ ఊడకుండా పళ్ళని ఒకటి లావుగా ఒకటి సన్నగా చేశారు, చైన్ లింకుల ఖాళీలకి సరిగ్గా కూర్చునేలా. ఇప్పుడు మంచి మౌంటెన్ బైక్ కొనాలంటే ముందు డీరైలర్ ఉన్నది వెతికినా దొరకడం కష్టం. మూడు రింగులు మిగిలింది ఎక్కువగా మన రేంజ్ సైకిళ్ళకే.

ఇక్కడ నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి. ఆ 12 గేర్ల సెట్టు రేటుకి నా సైకిల్ లాంటివి ఒకటికి రెండు వస్తాయి. నేను వేసుకున్నది అది కాదు. ముందు 32 పళ్ళ సింగిల్ రింగు, వెనక 14 నుంచి 34 దాకా ఉన్న ఏడు గేర్ల ఫ్రీవీల్. దీనివల్ల నేను పోగొట్టుకున్నవి ఉన్నాయి. పాత పెద్ద గేరులో నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకి సుమారు 29 కిలోమీటర్ల స్పీడు వచ్చేది. ఇప్పుడు 22 దాటితే కాళ్ళు గిరగిరా తిప్పాల్సిందే. బీచ్ రోడ్డులో రుషికొండ వైపు వెళ్ళేటప్పుడు నా ఫ్రెండ్స్ దిగుడులో నన్ను దాటేసి చెయ్యి ఊపుతారు. ఊపనీ. అట్నుంచి చిన్న గేరు కూడా కాస్త బరువైంది, పాతది 0.86, ఇప్పుడు 0.94. పైగా వెనక 24 పళ్ళ నుంచి ఒక్కసారి 34కి దూకుతుంది, ఆ దూకుడు కాళ్ళకి బాగా తెలుస్తుంది. బరువు తగ్గుతుందని యూట్యూబ్‌లో తెగ చెప్తారు, దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. నా బ్యాగులో ల్యాప్‌టాప్ ఆ తగ్గే బరువు కంటే ఎక్కువ.

అయినా నేను ఇదే ఎంచుకుంటాను. కొండ ఎక్కేటప్పుడు నా బుర్ర రోడ్డు మీద ఉంటోంది, రింగు మీద కాదు. ఒక చెయ్యి, ఏడు మెట్లు. బరువైతే ఇటు, తేలికైతే అటు. మార్చాక చైన్ పడిందా లేదా అని కిందకి తొంగి చూసే అలవాటు పోయింది.

మా రూమ్మేట్ ఒప్పుకోడు. వాడు వెనక బ్యాగులు కట్టుకుని విజయనగరం దాకా వెళ్ళొచ్చే రకం. సామానుతో ఎత్తులు ఎక్కాలి, హైవే మీద స్పీడూ కావాలి, వాడికి రెండు చివరలూ అవసరమే. నా బడ్జెట్‌లో ఒక్క రింగుతో అవి రెండూ రావు. వాడి సైకిల్‌కి రింగులు ఉండాల్సిందే, ఆ మాట వాడికే చెప్పాను. నేను మాట్లాడేది క్యాంపస్, బీచ్ రోడ్డు, వీకెండ్‌లో ఒక కొండ, అప్పుడప్పుడు మట్టి దారి తొక్కే మనలాంటి వాళ్ళ గురించి.

ఇప్పటికే మూడు రింగుల సైకిల్ ఉన్నవాళ్ళు నా మాట నమ్మి వెంటనే డబ్బు పెట్టొద్దు. చైన్‌ని మధ్య రింగు మీద పెట్టి, ఎడమ షిఫ్టర్ మీద ఇన్సులేషన్ టేపు చుట్టేయండి. ఒక నెల తొక్కండి. ఆ నెలలో టేపు ఎన్నిసార్లు పీకాలనిపించిందో చూసుకోండి. నాకు రెండుసార్లు అనిపించింది, రెండుసార్లూ కొండ మీదే, అందుకే 34 కాకుండా 32 రింగు తీసుకున్నా. ఇంకో సంగతి, మన రేంజ్ సైకిళ్ళలో చాలావాటికి మూడు రింగులూ రివెట్లతో కలిపేసి ఉంటాయి, విడిగా ఊడి రావు. క్రాంక్ మొత్తం మార్చాలి, దానికి పుల్లర్ కావాలి, షాపులో చేయించుకోవడమే మంచిది. వెనక డీరైలర్ 34 పళ్ళ దాకా తీసుకుంటుందో లేదో ముందే అడగండి. నాకు మొత్తం రెండు వేల చిల్లర అయింది. పెద్ద రింగు పోయాక చైన్ పొడవు సరిచూడాలని నాకు తట్టలేదు, మూడు రోజులు అది వేలాడుతూ ఫ్రేమ్‌కి టపటపా కొట్టుకుంది. బాబాయ్ చూసి, "చైన్ కట్ చేయకుండా ఎలా తొక్కావురా" అని తిట్టి రెండు లింకులు తీసేశాడు.

కొత్తగా కొనేవాళ్ళకైతే ఇంత తిప్పలు లేదు. అదే రేటులో ముందు ఒకటే రింగు ఉన్నది దొరికితే అది తీసుకోండి. రేటు ఒకటే అయినప్పుడు రెండు రింగులు, ఒక డీరైలర్, ఒక షిఫ్టర్ డబ్బులు ఇంకెక్కడో ఖర్చయి ఉండాలి కదా. బ్రేకులూ టైర్లూ పక్కపక్కన పెట్టి చూడండి.

నాన్న దగ్గరికి వస్తే, ఆయన టెన్త్ చదివేటప్పుడు తొక్కింది వాళ్ళ అన్నయ్యగారి పాత సైకిల్, గేరు అన్న మాటే లేనిది. నాకు 21 ఉండాలని ఆయన ఎందుకు అనుకున్నారో నాకు అర్థమవుతుంది. అందుకే పీకేసే ముందు ఫోన్ చేసి, ఆ 1.5, 1.5 లెక్క చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అయితే వాడు ఒకటే గేరుకి రెండుసార్లు డబ్బు తీసుకున్నాడా?" అన్నారు. తర్వాత, "తీసినవి పారేయకు, ఇంటికి తీసుకురా" అన్నారు. సంక్రాంతికి తీసుకెళ్ళాను, అటక మీద కవర్లో ఉన్నాయి. స్టిక్కరు మాత్రం ఫ్రేమ్ మీద అలాగే ఉంది. పీకబోతుంటే ఆయనే ఆపారు, అమ్మేటప్పుడు పనికొస్తుందట.